ఎనిమిదేళ్ల బాబుకు బీపీ 136/92, సీ3 బాగా తక్కువ: "ఇమ్యూనిటీ వల్ల వచ్చిన బీపీ" అంటే ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి?

పచ్చపెన్ను (చిత్తూరు) అడుగుతున్నారు:

కేసు ఇదీ. బాబుకు ఎనిమిదేళ్లు, 24 కిలోలు, 128 సెం.మీ. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, సాయంత్రానికి కొంత దిగుతుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తోంది, రెండు రోజులుగా తక్కువగా పోస్తున్నాడు. వేళ్ల సందుల్లో గజ్జి ఉంది. మోకాళ్ల కింద చీము పొక్కులు మానిన మచ్చలు, నెల కిందటివి అంటున్నారు. ముందు చూపించిన చోట బీపీ 118/76 వచ్చింది, "నార్మల్" అని రాసి పంపారు. మరుసటి రోజు పెద్దాసుపత్రిలో 136/92. యూరిన్‌లో అల్బుమిన్ 2 ప్లస్, ఎర్రకణాలు నిండుగా. క్రియాటినిన్ (కిడ్నీ వడపోత ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష) 0.9. సీ3 అనే రక్తంలోని రక్షణ ప్రోటీన్ 28 (ల్యాబ్ నార్మల్ 90–180). అలాంటిదే ఇంకోటి, సీ4, నార్మల్. స్ట్రెప్టోకాకస్ క్రిమి తగిలిందా అని చూసే ఏఎస్‌ఓ కూడా నార్మలే.

డాక్టరు గారు "ఒంట్లో రోగనిరోధక వ్యవస్థే కిడ్నీ మీద పడింది, అందుకే బీపీ" అన్నారు. దాంతో ఇంట్లోవాళ్లకు బోలెడు అనుమానాలు. ఇమ్యూనిటీ ఎక్కువైందా, తక్కువైందా? ఎక్కువైతే స్టెరాయిడ్ ఎందుకు రాయలేదు? ఏఎస్‌ఓ నార్మల్ అయినప్పుడు ఇది ఇన్ఫెక్షన్ వల్ల ఎలా అవుతుంది? నా అనుమానం ఇంకొకటి: టీ కణాలే (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) బీపీ పెంచుతాయని ఈమధ్య అంతటా రాస్తున్నారు. అంటే ఈ పిల్లోడికి జీవితాంతం బీపీ ఉంటుందా? ఒక్క రోజులో 118 నుంచి 136కు ఎలా ఎక్కింది?

---

కిడ్నీగింజ (తిరుపతి):

పచ్చపెన్ను గారూ, మీరు రాసిన వివరాలు చూస్తే ఇది చర్మపు స్ట్రెప్ ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే గ్లోమెరులోనెఫ్రైటిస్, అంటే కిడ్నీలోని వడపోత జల్లెళ్ల వాపు. గజ్జి గోకితే చర్మం చిట్లుతుంది, అక్కడ స్ట్రెప్టోకాకస్ చేరి చీము పడుతుంది. గొంతు నొప్పి తర్వాతైతే 1–3 వారాలకు వస్తుంది, చర్మం పుండ్ల తర్వాతైతే 3–6 వారాలకు. మీరు చెప్పిన "నెల కిందట" సరిగ్గా అందులోకే వస్తుంది.

ఏఎస్‌ఓ గురించి. గొంతు ఇన్ఫెక్షన్‌లో అది పెరుగుతుంది. చర్మం మీదైతే చాలాసార్లు పెరగదు, ఎందుకంటే చర్మంలోని కొవ్వు పదార్థాలు స్ట్రెప్టోలైసిన్ అనే క్రిమి విషాన్ని అణచేస్తాయి. అలాంటప్పుడు చూడాల్సింది యాంటీ డీఎన్‌ఏస్-బీ, అదే క్రిమి మీద ఇంకో యాంటీబాడీ పరీక్ష. అది చేసే ల్యాబ్ దగ్గర్లో లేకపోయినా కంగారు లేదు. పుండ్ల మచ్చలు, డికాషన్ మూత్రం, సీ3 28, సీ4 నార్మల్: ఈ నాలుగూ కలిస్తే చాలు.

ఇమ్యూనిటీ ఎక్కువా తక్కువా అంటే, ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పండి: "పుండులోని క్రిమి మీద తయారైన యాంటీబాడీలు ఆ క్రిమి ముక్కలతో కలిసి కిడ్నీలోని జల్లెళ్లలో ఇరుక్కున్నాయి. అక్కడ వాపు వచ్చింది." రోగనిరోధకం తన పని తాను చేసింది, చెత్త పడిన చోటే తప్పు. ఆ చెత్త చుట్టూ కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు ఖర్చవుతాయి, రక్తంలో సీ3 పడిపోయేది అందుకే.

ఇక బీపీ ఎలా పెరిగింది? ఇది తెలిస్తే మందు ఎందుకు అలా రాశారో తెలుస్తుంది. జల్లెళ్లు వాచి వడపోత తగ్గింది. కానీ కిడ్నీ గొట్టాలు సోడియంను లాక్కోవడం ఆపలేదు, నిజానికి ఎక్కువే లాక్కుంటాయి. ఉప్పూ నీళ్లూ ఒంట్లో ఉండిపోయి రక్తం పరిమాణం పెరిగింది. కళ్ల వాపు, బీపీ రెండింటికీ మూలం ఆ నీరే. అందుకే మొదటి మందు ఉప్పూ నీళ్లూ మూత్రంలో బయటికి పంపే ఫ్యూరోసెమైడ్, కిలోకు 1–2 మి.గ్రా. మోతాదులో. దానితో సరిపోకపోతే అమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్ర. ఎనలాప్రిల్ అనే ఇంకో బీపీ మందును ఈ దశలో మొదటే పెట్టం. మూత్రం తగ్గినవాడికి అది పొటాషియం ఇంకా పెంచుతుంది.

స్టెరాయిడ్ ఎందుకు లేదంటే, ఈ జబ్బులో ఇమ్యూన్ దాడి దానంతటదే చల్లారుతుంది. మామూలు కేసుల్లో స్టెరాయిడ్ వల్ల లాభం లేదు. పైగా అది ఉప్పును పట్టి ఉంచుతుంది, బీపీ ఇంకా ఎక్కుతుంది.

ఇంకో మాట. క్రియాటినిన్ 0.9 అనేది పెద్దవాళ్ల రిపోర్టులో నార్మల్ గడిలో పడుతుంది. ఎనిమిదేళ్ల పిల్లోడికి అది నార్మల్ కాదు. ఎత్తుతో లెక్క కట్టండి: 0.413 × 128 ÷ 0.9 = వడపోత వేగం సుమారు 59. క్రియాటినిన్ ఇంకా కదులుతున్నప్పుడు ఈ లెక్క అంచనా మాత్రమే. అయినా కిడ్నీ పని సగం దగ్గరకు పడిందని అది చెబుతోంది. ల్యాబ్ ప్రింటవుట్‌లో నక్షత్రం గుర్తు లేదని వదిలేయకండి.

---

స్టెత్_గొట్టం:

118 నుంచి 136 సంగతి నేను చెప్తా. బీపీ ఒక్క రోజులో ఎక్కి ఉండొచ్చు కూడా, కానీ నేను మొదట అనుమానించేది కఫ్‌ని, అంటే చేతికి చుట్టే బీపీ పట్టీని.

పిల్లోడి పై చేయి మధ్య చుట్టుకొలత తీయండి. భుజం ఎముక కొస నుంచి మోచేతి ఎముక కొస వరకు టేపు పట్టి, సగంలో పెన్నుతో గీత పెట్టి, అక్కడ చుట్టూ కొలవాలి. 24 కిలోల పిల్లోడికి సుమారు 19 సెం.మీ. వస్తుందనుకుందాం. కఫ్ లోపలి గాలి సంచి వెడల్పు అందులో కనీసం 40 శాతం ఉండాలి, అంటే దాదాపు 7.6 సెం.మీ. పొడవు 80 నుంచి 100 శాతం, అంటే 15–19. మామూలు పెద్దవాళ్ల కఫ్‌లో సంచి వెడల్పే 13 సెం.మీ. ఉంటుంది. అది ఈ చేతికి భుజం నుంచి మోచేయి దాకా గోనెసంచి కట్టినట్టు కూర్చుంటుంది, రీడింగు తక్కువ చూపిస్తుంది. చిన్న కఫ్ బిగిస్తే ఉల్టా, లేని బీపీ చూపిస్తుంది. చాలా చోట్ల ఉండేది ఒక్క పెద్ద కఫే కాబట్టి పిల్లల్లో మనం బీపీని పోగొట్టుకునేదే ఎక్కువ.

అసలు తప్పు ఇంకోటి ఉంది. 118/76 చూసి "120/80 లోపే కదా" అనుకున్నారు. 13 ఏళ్ల లోపు ఆ లెక్క నడవదు. వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పట్టిక తీయాలి. ఈ ఎత్తు ఎనిమిదేళ్ల బాబుకు 95వ పర్సెంటైల్ (అలాంటి నూరుమంది పిల్లల్లో 95 మంది బీపీ దానికి లోపే ఉండే అంకె) సుమారు 114/74. అంటే 118/76 కూడా మొదటి దశ హైపర్‌టెన్షనే. దానికి 12 కలిపితే 126/86, అది దాటితే రెండో దశ. 136/92 రెండో దశలో ఉంది. 95వ పర్సెంటైల్ కంటే 30 ఎక్కువైతే, అంటే ఈ బాబుకు పై అంకె 144 దగ్గరకు వస్తే, లక్షణాలు లేకపోయినా అత్యవసరమే.

పూర్తి పట్టిక చేతిలో లేకపోతే 2017 అమెరికన్ పీడియాట్రిక్స్ మార్గదర్శకాల్లోని చిన్న పట్టికలో వయసొక్కటే చూస్తే చాలు. అబ్బాయిలకు 3 ఏళ్లకు 101/58, 5 ఏళ్లకు 103/63, 8 ఏళ్లకు 107/69, 10 ఏళ్లకు 108/72, 12 ఏళ్లకు 113/75. అమ్మాయిలకు ఒకటి రెండు అంకెల తేడా. ఆ అంకె అందుకుంటే సరిగ్గా మళ్లీ కొలవాలన్నమాట, జబ్బు ఉందని కాదు. కాగితం మీద రాసి మెషిన్ పెట్టె మూతకు లోపల అంటించుకోండి.

కొలిచేటప్పుడు 3–5 నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపు ఆనాలి, పాదాలు నేలకు తగలాలి (తగలకపోతే కింద పీట పెట్టండి), కుడి చేయి గుండె ఎత్తులో బల్ల మీద. సెకనుకు 2–3 మి.మీ. చొప్పున గాలి వదలాలి. ఏడుస్తున్న పిల్లోడి రీడింగు రాయొద్దు. డిజిటల్‌లో ఎక్కువ వస్తే స్టెత్‌తో ఖాయం చేసుకోవాలి.

---

ఔషధశాల:

నా కౌంటర్ మాట: ఇలాంటి వాపు పిల్లలకు ఇమ్యూనిటీ పెంచే సిరప్, ఇంట్లో కషాయం ఇస్తే తొందరగా కోలుకుంటారు కదా? సీ3 తక్కువ అంటే ఇమ్యూనిటీ తగ్గినట్టే కదా, దాన్ని పెంచాలి కదా?

---

కిడ్నీగింజ:

అన్నా, సీ3 తగ్గింది తయారు కాక కాదు, ఖర్చై. సిరప్‌తో అది పెరగదు. కారణం ఆగితే 6–8 వారాల్లో తనంతట తనే పైకొస్తుంది.

కషాయం సంగతి మీ కౌంటర్లోనే గట్టిగా చెప్పండి. దగ్గు కషాయాల్లో అతిమధురం వేస్తారు. అందులోని గ్లిసిరైజిన్ కిడ్నీలో కార్టిసాల్ హార్మోన్‌ను విరిచే ఎంజైమ్‌ను ఆపేస్తుంది. విరగని కార్టిసాల్, ఉప్పు పట్టి ఉంచే ఆల్డోస్టెరోన్ హార్మోన్ పని చేయడం మొదలుపెడుతుంది: ఉప్పు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రోజూ ఎక్కువగా తాగితే బీపీ వస్తుంది, ఈ బాబుకైతే అసలు వద్దు. జ్వరానికి ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ కూడా ఇవ్వొద్దు, కిడ్నీకి రక్తం తగ్గుతుంది. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. లెక్కన సరిపోతుంది.

మన ఊళ్లలో మూత్రం తగ్గిందంటే మొదట చేసేది బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు పట్టించడం. ఈ జబ్బులో రెండూ ఎదురు తిరుగుతాయి. బార్లీ నీళ్లు పోయే దారి లేక ఊపిరితిత్తుల్లో చేరతాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం. మూత్రం తగ్గినవాడికి అది గుండె లయ మీద కొడుతుంది. అరటిపండు, చీనీ రసం, టమోటా చారు, మామిడిపండు కూడా పొటాషియం రిపోర్టు వచ్చేదాకా పక్కన పెట్టాలి.

నీళ్ల లెక్క చెప్తా, నర్సులకు ఇదే కావాలి. ఈ బాబు ఒంటి వైశాల్యం సుమారు 0.92 చదరపు మీటర్లు. చెమట, ఊపిరి ద్వారా పోయేది చదరపు మీటరుకు 400 మి.లీ., అంటే 370. దానికి నిన్నటి మూత్రం కలపాలి. నిన్న 300 పోస్తే ఈరోజు మొత్తం 670 మి.లీ. పాలు, మజ్జిగ, రసం, మాత్ర మింగిన నీళ్లు అన్నీ అందులోకే. 670 మి.లీ. నీళ్లు ఒక సీసాలో పొద్దునే పోసి పెట్టండి. పిల్లోడు ఏది తాగినా అంత నీరు సీసాలోంచి తీసేయాలి. ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. మూత్రం పెరిగే కొద్దీ ఈ కట్టుబాటు దానంతటదే సడలుతుంది. రోజూ పొద్దున మూత్రం పోసి, ఏమీ తినకముందు, ఒకే తూకం మిషన్ మీద బరువు చూడాలి. బరువు దిగితే నీరు దిగుతున్నట్టు.

ఉప్పు మొత్తం మీద రోజుకు అర టీస్పూనుకు మించొద్దు. రాగి సంగటి ఉప్పు లేకుండా వండుకోవచ్చు, పక్కన పెట్టే ఊరుమిండి, తొక్కు, అప్పడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఇంట్లో ఒక్కడికి చప్పిడి పెట్టి మిగతావాళ్లు ఆవకాయ కలుపుకుంటే ఏ పిల్లోడూ వినడు.

తలనొప్పి, వాంతులు, చూపు మసక, మగతగా ఉండటం, ఫిట్స్: వీటిలో ఏది వచ్చినా బీపీ మెదడుకు ఎక్కిందని అర్థం. పడుకుంటే ఆయాసం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు. వెంటనే తిరుపతి రుయా ఆసుపత్రి పిల్లల వార్డుకో, పిల్లల ఐసీయూ ఉన్న ఇంకో చోటుకో తీసుకుపోవాలి. దారిలో నిఫెడిపిన్ అనే బీపీ క్యాప్సూల్ పొడిచి నాలుక కింద పిండొద్దు, బీపీ ఒక్కసారిగా పడితే మెదడుకు రక్తం అందదు. ఆసుపత్రిలో కూడా, తగ్గించాల్సినదాంట్లో పావు వంతుకు మించి మొదటి 8 గంటల్లో తగ్గించరు.

---

పచ్చపెన్ను:

చాలా సంతోషం సార్. టీ కణాల ప్రశ్న మిగిలింది. ఇంకోటి, "ఇమ్యూన్ బీపీ" అంతా ఇలాగే ఉప్పునీటి బీపీయేనా?

---

కిడ్నీగింజ:

కాదు. దీనికి పూర్తిగా తలకిందులైన జబ్బు టకాయాసు ఆర్టరైటిస్. మన దేశంలో పిల్లల్లో కిడ్నీ రక్తనాళం సన్నబడి వచ్చే బీపీకి పెద్ద కారణం అదే. ఇక్కడ దాడి జల్లెడ మీద కాదు, మహాధమని గోడ మీద, దాని కొమ్మల మీద. కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడితే "నాకు రక్తం అందట్లేదు" అని కిడ్నీ బీపీ పెంచే రెనిన్‌ను కుమ్మరిస్తుంది. మీ బాబులో రెనిన్ అణిగి ఉంటుంది, అక్కడ ఎగిసి ఉంటుంది. మూత్రం మామూలుగానే ఉంటుంది కాబట్టి యూరిన్ టెస్ట్ చూసి "కిడ్నీ బాగుంది" అంటారు. పట్టుకోవాల్సింది చేతి వేళ్లతో: రెండు చేతుల నాడి, తొడ దగ్గర నాడి. రెండు చేతుల బీపీలో 10 దాటి తేడా ఉంటే ఆగి ఆలోచించండి. చేతి ధమనే మూసుకుంటే ఆ చేతిలో బీపీ తక్కువ చూపి మోసం చేస్తుంది, అందుకే కాళ్లలోనూ కొలవాలి. ఇక్కడ స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ లాంటి ఇమ్యూన్ మందులు అవసరం. ఎనలాప్రిల్ బీపీని బాగా దించుతుంది గానీ, రెండు కిడ్నీల ధమనులూ సన్నబడి ఉంటే క్రియాటినిన్ ఎగురుతుంది.

చేతుల్లో ఎక్కువ, కాళ్లలో తక్కువ ఉంటే పుట్టుకతో మహాధమని ఇరుకు కూడా కావచ్చు. అది ఇమ్యూన్ కేసు కాదు, గుండె కేసు. తిరుపతిలోనే టీటీడీ వారి శ్రీ పద్మావతి పిల్లల హృదయాలయం ఉంది.

మిగతావి త్వరగా: సీ3, సీ4 రెండూ తక్కువైతే లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే పడే జబ్బు) వైపు చూడాలి. కాళ్ల మీద ఊదా మచ్చలు, కడుపు నొప్పి ఉంటే ఐజీఏ వాస్కులైటిస్ (చిన్న రక్తనాళాల వాపు), దానికి ఆరు నెలలు మూత్రం, బీపీ చూస్తూ ఉండాలి. పాలిపోయి, ప్లేట్‌లెట్లు పడి, క్రియాటినిన్ ఎక్కితే హెచ్‌యూఎస్ (రక్తకణాలు చిట్లి కిడ్నీ దెబ్బతినే జబ్బు). మన దేశపు పిల్లల్లో, కాంప్లిమెంట్‌ను అదుపులో పెట్టే ఫ్యాక్టర్-హెచ్ ప్రోటీన్ మీద యాంటీబాడీలు దానికి తరచుగా కనిపించే కారణం, ప్లాస్మా మార్పిడికి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

---

టీకణం:

ల్యాబ్ వైపు నుంచి. మీరు చదివింది నిజమే, కానీ అది వేరే బీపీ గురించి.

2007లో డేవిడ్ హారిసన్ బృందం చేసిన ప్రయోగం దీనికి మలుపు. టీ, బీ కణాలు రెండూ పుట్టని ఎలుకలకు బీపీ పెంచే యాంజియోటెన్సిన్ హార్మోన్ ఎక్కించారు. మామూలు ఎలుకల్లో ఎక్కినంతగా బీపీ ఎక్కలేదు. టీ కణాలు తిరిగి ఎక్కిస్తే బీపీ ఎక్కింది, బీ కణాలు ఎక్కిస్తే ఎక్కలేదు. నిజానికి 1964లోనే కిడ్నీ కొంత భాగం దెబ్బతీసిన ఎలుకల్లో ఇమ్యూనిటీని అణిచే మందులతో బీపీ తగ్గడం చూశారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడున్న చిత్రం ఇది: బీపీ కొంచెం పెరగగానే నాళాల గోడల్లో, కిడ్నీలో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగి కొన్ని ప్రోటీన్లు రూపు మారతాయి. కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు వాటిని పరాయివిగా ఎంచి టీ కణాలకు చూపిస్తాయి. టీ కణాలు ఐఎల్-17, ఇంటర్‌ఫెరాన్ గామా అనే వాపు సంకేతాలు వదులుతాయి. వాటితో కిడ్నీ ఇంకొంచెం ఉప్పు పట్టి ఉంచుతుంది, నాళాలు గట్టిపడతాయి, బీపీ ఇంకొంచెం పెరుగుతుంది. ఉప్పు కూడా నేరుగా ఇందులో ఉంది. ఉప్పు ఎక్కువైన చోట టీ కణాలు ఐఎల్-17 రకంగా మారతాయని 2013లో రెండు బృందాలు చూపించాయి.

లావుగా ఉండి, పన్నెండు పద్నాలుగేళ్లకే బీపీ 130 దాటే పిల్లల్లో టీ కణాల రకాల నిష్పత్తి మారి ఉంటుందని చూశారు. పొట్ట కొవ్వులో చేరిన మాక్రోఫేజ్ అనే తెల్లకణాలు దీన్ని ఎగదోస్తాయి. కానీ ఆ మార్పు బీపీకి కారణమా, ఫలితమా అనేది పిల్లల రక్తం ఒక్కసారి తీసి చూస్తే తేలదు. పెద్దవాళ్లలో ఐఎల్-1 బీటా అనే వాపు సంకేతాన్ని అడ్డుకునే కనకినుమాబ్ మందును గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా వాడి చూశారు. గుండెపోట్లు తగ్గాయి, బీపీ తగ్గలేదు. కాబట్టి బీపీ కోసం ఇమ్యూనిటీని అణిచే మందు ఈరోజు ఏ పిల్లోడికీ లేదు. హెచ్‌ఎస్-సీఆర్‌పీ, ఐఎల్-17 లాంటి వాపు పరీక్షలకు డబ్బు పోయొద్దు, చికిత్స ఒక్క అక్షరం మారదు. ఆ పిల్లలకు ఉప్పు, బరువు, నిద్ర, అవసరమైతే బీపీ మాత్ర, అంతే. నాకైతే ఈ పరిశోధన ఇంటికి తెచ్చిన ఒకే ఒక్క పనికొచ్చే వస్తువు ఉప్పు మీద ఇంకో కారణం.

---

కిడ్నీగింజ:

టీకణం గారు చెప్పినదానికి తోక ఒక్కటే: ఈ బాబుది ఆ చక్రం కాదు. మూత్రం బాగా రావడం సాధారణంగా వారంలోపే మొదలవుతుంది, బీపీ కొన్ని వారాల్లో దిగుతుంది, మందు ఆపేయొచ్చు. ఎర్రటి మూత్రం పోయినా, కంటికి కనపడని ఎర్రకణాలు ఏడాది దాకా రిపోర్టులో కనిపించవచ్చు. బీపీ, అల్బుమిన్ బాగుంటే వాటికి మందు లేదు, పరుగులు వద్దు.

సీ3ని 8 వారాలకు మళ్లీ చూడండి. 12 వారాలకూ ఎక్కకపోతే మొదట అనుకున్న జబ్బు కాదన్నమాట, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి లాంటి నెఫ్రాలజీ (కిడ్నీ విభాగం) ఉన్న చోట బయాప్సీ గురించి మాట్లాడాలి. క్రియాటినిన్ రోజు రోజుకూ పెరుగుతుంటే ఆ 8 వారాలు ఆగొద్దు.

గజ్జి వదిలిపెడితే ఇంట్లో ఇంకో పిల్లకు ఇదే రావచ్చు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, బొడ్డు చుట్టూ వదలకుండా, రాత్రి పూసి పొద్దున స్నానం. ఇంట్లో అందరూ అదే రాత్రి, దురద లేనివాళ్లూ పూసుకోవాలి. వారం తర్వాత ఇంకోసారి. దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకాలి, ఉతకలేనివి మూట కట్టి మూడు రోజులకు పైగా పక్కన పెట్టాలి. చీము ఇంకా ఉంటే యాంటీబయాటిక్ కోర్సు. అది కిడ్నీ వాపును తగ్గించదు, క్రిమి పక్కవాళ్లకు పాకకుండా ఆపుతుంది.

---

పచ్చపెన్ను:

చివరిది సార్. కీళ్లవాతం (రుమాటిక్ జ్వరం) పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేస్తారు కదా, ఇదీ స్ట్రెప్టోకాకసే కాబట్టి వేయించాలా అని అడుగుతున్నారు.

---

కిడ్నీగింజ:

వద్దు. రుమాటిక్ జ్వరం మళ్లీ మళ్లీ వచ్చి గుండె కవాటాలను పాడు చేస్తుంది, అందుకే ఆ ఇంజెక్షన్. ఈ కిడ్నీ జబ్బు రెండోసారి రావడం చాలా అరుదు. రేపు ఎప్పుడైనా గొంతు నొప్పికి ఏఎస్‌ఓ చేయించి 400 వచ్చిందని ఎవరైనా ఇంజెక్షన్లు మొదలుపెట్టబోతే ఈ డిశ్చార్జ్ కాగితం చూపించమనండి. ఏఎస్‌ఓ నెలల తరబడి పైనే ఉంటుంది, ఆ అంకె ఒక్కదానికి ఏ మందూ లేదు.